నాచు గీకిన వాకిలి

జులై పదో తారీఖున హనుమయ్య వంటింటి తలుపు ఊడదీసి, రెండు కుర్చీల మీద పడుకోబెట్టి, అంచుకి చిత్రిక పట్టాడు. ఆ వేసవిలో అది మూడోసారి. మొదటిసారి పట్టినప్పుడు తలుపు హాయిగా పడింది. రెండు వారాలు తిరక్కుండానే పైమూల మళ్ళీ పట్టేసింది. మళ్ళీ పట్టాడు. మళ్ళీ అదే కథ. చెక్కపొట్టు నేలంతా రాలుతుంటే కూతురు సుధ కాఫీ కప్పుతో వచ్చి నిలబడింది.

"ఇంకెంత చెక్కుతావు నాన్నా? ఇంకో నెలకి తలుపు పోయి కిటికీ మిగులుతుంది."

"తేమకి చెక్క ఉబ్బిందమ్మా."

"మిగతా తలుపులు ఉబ్బలేదే?"

హనుమయ్య చిత్రికని ఇంకో జానెడు ముందుకి తోశాడు. ఉబ్బింది చెక్క కాదని ఆయనకి లోపల ఎక్కడో తెలుసు. పొద్దున్నే లేచి నేల మీద రసమట్టం పెట్టి చూసుకున్నాడు. బుడగ మధ్యలో నిలబడలేదు. తోట వైపు మూలకి వీపు చూపించి, రెండో చివరికి జారిపోయింది. అంటే ఆ మూల కిందికి దిగుతోంది.

ఆ ఇల్లు అలాస్కాలో ఉంది. ఫెయిర్‌బ్యాంక్స్ ఊరికి పన్నెండు మైళ్ళ అవతల, ఉత్తరానికి వాలిన ఒక గుట్ట అడుగున. చుట్టూ బ్లాక్ స్ప్రూస్ అడవి. సుధ అక్కడి ఆసుపత్రిలో ఫార్మసిస్టు. ఆమె పెళ్ళి నాలుగేళ్ళు కూడా నిలవలేదు, ఆ సంగతి తండ్రీకూతుళ్ళు ఎత్తుకోరు. ఎవరి పేరూ పక్కన లేకుండా తన ఒక్కదాని పేరు మీద ఆమె కొనుక్కున్నది ఈ ఇల్లు ఒక్కటే. భార్య ప్రమోద పోయాక హనుమయ్య కూడా కూతురి దగ్గరికే వచ్చేశాడు, రెండేళ్ళయింది. ఈ ఇల్లు కొన్నది నిరుడు.

హనుమయ్యని తక్కువ అంచనా వేయకూడదు. అద్దంకి పక్కన ఒక పల్లెలో, ఊరి బళ్ళోనే పదో తరగతి దాకా చదివాడు. బడితోటలో ఆయన కాయించిన వంకాయలకి తాలూకా మొత్తం మీద మొదటి బహుమతి వచ్చింది. పేరు చెక్కిన స్టీలు గ్లాసు, కలెక్టరుగారి చేతుల మీదుగా. పదో తరగతి ఫస్టు క్లాసు. లెక్కల్లో ఎనభై ఎనిమిది. డాక్టరైన అన్నగారు స్పాన్సర్ చేస్తే ముప్పయ్యో ఏట భార్యాబిడ్డలతో అమెరికాలో నేపర్‌విల్‌లో దిగాడు. ఒక మొక్కల నర్సరీలో మట్టి మోసే పనిలో చేరాడు. పద్నాలుగేళ్ళలో పన్నెండు మంది మీద ఫోర్‌మన్ అయ్యాడు. ముప్పై రెండేళ్ళలో పద్దెనిమిది వందల ఇళ్ళ ముందు పచ్చిక పరిచాడు. డాక్టర్లు, ఇంజనీర్లు, పెద్ద పెద్ద వాళ్ళ ఇళ్ళు. చచ్చిపోయిందని అందరూ వదిలేసిన మేపుల్ చెట్టుని వేళ్ళ దగ్గర మట్టి మార్చి బతికించాడు, దాని పక్కన నిలబడ్డ ఆయన ఫోటో అక్కడి పత్రికలో పడింది. గుడి ముందు బంతితోట ఆయన చేతిదే. ఇవన్నీ చెప్పాల్సినవే. చెప్పకపోతే ఎవరికి తెలుస్తాయి?

అలాంటి మనిషి ఈ అడవిని మొదటిసారి చూసి పెదవి విరిచాడు.

"ఇవేం చెట్లే? సీసాలు కడిగే బ్రష్షుల్లా ఉన్నాయి!"

నిజమే, బ్లాక్ స్ప్రూస్ చూడటానికి అలాగే ఉంటుంది. మణికట్టంత లావు, ఇద్దరు మనుషులంత ఎత్తు, కొసన ఒక కుచ్చు. అలాంటి ఒక చెట్టు వయసు నూట పది ఏళ్ళని తర్వాత తెలిసినప్పుడు ఆయన నమ్మలేదు. చెట్ల కింద మోకాలి లోతు నాచు. అడుగేస్తే పరుపు మీద వేసినట్టు దిగుతుంది. దాంట్లో నీలం కాయల పొదలు, ఎర్రటి పుల్లకాయలు, నలిపితే ఘాటుగా వాసన కొట్టే తోలులాంటి ఆకుల మొక్కలు. ఎక్కడ చూసినా తడే. వాన చూస్తే మన అనంతపురంలో పడే దాంట్లో సగం. మరి ఈ నీళ్ళు ఎక్కడివి? హనుమయ్య దానికి ఒక్క క్షణంలో కారణం తేల్చేశాడు. "పట్టించుకున్న నాథుడు లేక."

ఇల్లు అప్పగించిన రోజున, దాన్ని తన చేతులతో కట్టిన ముసలి వడ్రంగి వాకిట్లో నిలబడి తాళాలు ఇచ్చాడు. సుధ లోపల హీటర్ చూసుకుంటోంది. ఆ పెద్దాయన బూటుకాలితో నేలని తట్టి, హనుమయ్య ముఖంలోకి చూస్తూ ఇంగ్లీషులో ఒక్కటే మాట అన్నాడు.

"ఈ నాచు జోలికి మాత్రం పోకండి."

హనుమయ్య మర్యాదగా తలూపాడు. మనసులో మాత్రం, బద్ధకస్తుడు, శుభ్రం చేసుకోలేక చెబుతున్నాడు అనుకున్నాడు.

మరుసటి వారమే పార పట్టాడు. ఇంటి చుట్టూ నేల కనపడాలి. గుబురు ఉంటే పురుగూ పుట్రా చేరతాయి. వాళ్ళ పల్లెలో ఏ ఆడమనిషీ గుమ్మం ముందు గడ్డిపరక మొలవనిచ్చేది కాదు, గీకి, ఊడ్చి, నీళ్ళు చల్లేది. ఆయనా అదే చేశాడు. నాచుని బొంతలు చుట్టినట్టు చుట్టచుట్టి, ట్రక్కులో వేసి చెత్తదిబ్బకి తోలాడు. ఇల్లు పొట్టి దుంగల మీద నిలబడి ఉంటుంది, కింద మూడడుగుల ఖాళీ. ఆ ఖాళీలోకి కూడా పాక్కుంటూ వెళ్ళి గీకాడు. పంతొమ్మిది రోజులు. ఒక్కడే. డెబ్బయ్యో ఏట.

నాచు కింద గోధుమరంగు పీచు, దాని కింద మెత్తటి బూడిదరంగు ఒండ్రు. చేత్తో పట్టుకుంటే చల్లగా జివ్వుమంది. ఎండ తగిలితే అదే వేడెక్కుతుందిలే అనుకున్నాడు. వేడెక్కింది కూడా. ఇరవై గంటల ఎండ కదా! ఆ వేసవిలో బంగాళాదుంపలు, ముల్లంగి, గోంగూర పండించాడు. క్యాబేజీ ఒకటి ముప్పై ఎనిమిది పౌండ్లు తూగి, ఊరి ఫెయిర్‌లో మూడో బహుమతి కొట్టింది. సుధ దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని ఫోటో దిగి అందరికీ పంపింది. ఫార్మసీలో ఆమెతో పనిచేసేవాళ్ళు ఇంటికొచ్చి చూసి వెళ్ళారు. "మా నాన్న మట్టి ముట్టుకుంటే చాలు" అని సుధ అందరితో అంది. ఆ మాట హనుమయ్యకి ఆ చలికాలమంతా కూడూ నీళ్ళూ అయింది.

ఈ ఏడు మంచు కరిగాక చూస్తే తోట మధ్యలో గుంట. మట్టి పోసి పూడ్చాడు. వారానికి మళ్ళీ గుంట, దాంట్లో నీళ్ళు. తోట అంచున స్ప్రూస్ చెట్లు నాలుగు ఒకదాని మీద ఒకటి తూలుతూ నిలబడ్డాయి. తర్వాత తలుపు.

ఆ ఆదివారం కావ్యశ్రీ భోజనానికి వచ్చింది. కరీంనగర్ పిల్ల, ఇక్కడి యూనివర్సిటీలో మాస్టర్స్ రెండో ఏడు. అడవిలో నేల ఎంత లోతు కరుగుతోందో కొలవడం ఆమె పని. వారానికోసారి పప్పన్నం కోసం సుధ ఇంటికి వస్తుంది. గోంగూర కోయడానికి హనుమయ్యతో తోటలోకి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.

"అంకుల్, ఈడ నాచు ఏమైంది?"

"గీకేశాను."

"మొత్తమా?"

"మొత్తం. ఇంటి కింద కూడా. పంతొమ్మిది రోజుల్లో, ఒక్కణ్ణే."

"ఎందుకంకుల్?"

"ఎందుకేమిటమ్మా? ఇంటి చుట్టూ అంత గుబురుంటే పాములు చేరవూ?"

కావ్యశ్రీ నవ్వు ఆపుకోలేకపోయింది. "అలాస్కాల పాములే లేవంకుల్!"

"లేవా?"

"ఒక్కటి గూడ లేదు."

"ఇప్పుడు లేవు. రేపు రావని రాసిచ్చారా?"

నవ్వుతూనే ఆమె కారులోంచి ఒక ఇనపకడ్డీ తెచ్చింది. మనిషెత్తు ఉంది, పైన అడ్డపిడి. ముందు అడవిలోకి నడిచి, నాచులోంచి దాన్ని కిందికి నొక్కింది. మోకాలి లోతుకి 'టక్'మని ఆగింది. బండరాయి తగిలినట్టు.

"ఇది రాయి కాదంకుల్. మంచుమట్టి. వేల ఏండ్లసంది కరగలే. అందుకే పైన నీళ్ళు దిగక గీ తడి."

తిరిగొచ్చి తోటలో క్యాబేజీల నడుమ నొక్కింది. కడ్డీ దిగింది. ఇంకా దిగింది. పిడి మట్టికి తగిలేదాకా దిగింది. కావ్యశ్రీ ముఖంలో నవ్వు పోయింది. ఇంటి మూల దుంగ పక్కన నొక్కింది. అక్కడా పిడి దాకా.

"మనకాడ ఐసు అమ్మెటోడు ఐసుగడ్డ మీద పొట్టు పోసి గోనెపట్ట కప్పుతడు, చూసిండ్రా? నాచు గా గోనెపట్ట అంకుల్. మీరు పట్ట తీసి ఎండల పెట్టిండ్రు. ఇల్లేమో ఐసు మీద నిలబడ్డది."

హనుమయ్య గోంగూర కట్ట చేతిలో పట్టుకుని ఇంటి వైపు చూశాడు. ఇల్లు మామూలుగానే ఉంది. కిటికీలోంచి కుక్కర్ విజిల్ వినపడింది.

"సుధకి చెప్పకమ్మా."

"నేను చెప్ప. మీరే చెప్పాలె. కానీ లేట్ చేయకుండ్రి, దినదినం దిగుతది."

ఆ రోజు నుంచి హనుమయ్యకి ఒక చోట కాలు నిలవలేదు. పొద్దున్న రసమట్టం, మధ్యాహ్నం రసమట్టం, అన్నం తిని మళ్ళీ రసమట్టం. బుడగ ఒకసారి ఇటొచ్చినట్టుండేది, కళ్ళజోడు తుడుచుకుని చూస్తే అటే ఉండేది. ఇంటి చుట్టూ తిరిగేవాడు. దుంగల కింద చెయ్యి పెట్టి చూసేవాడు. ఒకరోజు పార తీసుకుని అడవిలోకి వెళ్ళాడు, కాసిని నాచు తెచ్చి కప్పేద్దామని. పార దించబోయి ఆగాడు. ఇక్కడ తీస్తే ఇక్కడ గుంట. పార భుజాన వేసుకుని తిరిగొచ్చేశాడు. ఆ పార చెయ్యలేని పని ఒకటి ఉంటుందని డెబ్బై ఒక్క ఏళ్ళలో ఆయనకి ఎప్పుడూ అనిపించలేదు.

సుధ ఊరుకునే మనిషి కాదు. గోడకి సన్నగా బీట కనపడగానే ఇంజనీర్‌ని బుక్ చేసింది. గురువారం పొద్దున్న. అది కాక, ఇల్లు అమ్మిన వడ్రంగికి ఒక లెటర్ టైప్ చేయడం మొదలుపెట్టింది. మంగళవారం సాయంత్రం భోజనాల దగ్గర తండ్రికి చదివి వినిపించింది. నేల బాగాలేదని తెలిసీ దాచారు, మోసం చేశారు, లాయర్ దాకా వెళతాను.

"ఎలా ఉంది?"

"అంత కోపంగా ఎందుకమ్మా?"

"ఎందుకా? ఒక్కత్తినే కొంటున్నాను కదా, ఏమడుగుతుందిలే అనుకున్నాడు. నాన్నా, నాకంటూ ఉన్నది ఇదొక్కటే. ఇది కూడా ఒరిగిపోతే..." ఆమె మాట ఆపి పెరుగు గిన్నె జరిపింది. "ఆయన ఒక్క మాట చెప్పి ఉంటే చాలదా?"

హనుమయ్య నోరు తెరిచాడు. నాలుక చివరిదాకా వచ్చింది.

"పప్పులో ఉప్పు తక్కువైంది" అన్నాడు.

బుధవారమంతా కూతురు డ్యూటీకి వెళ్ళాక ఆయన ఎదురు గోడతో మాట్లాడాడు. ఏమని చెప్పాలి? మట్టి ముట్టుకుంటే చాలు అన్నావు కదా, ఆ మట్టే తోడేశానని చెప్పాలా? సుధ గదిలో బల్ల మీద ఆ లెటర్ ప్రింట్ తీసి ఉంది. కింద సంతకం ఒక్కటే తక్కువ. దాన్ని చూసి బయటికొచ్చాడు. మళ్ళీ వెళ్ళి చూశాడు.

గురువారం ఇంజనీర్ వచ్చింది. యాభై ఏళ్ళ అమెరికన్ ఆవిడ, తొడల దాకా రబ్బరు బూట్లు. ఇంటి కిందకి దూరి, లైటు వేసి, అరగంట తర్వాత బురదతో బయటికొచ్చింది. తోటని ఒకసారి, ఒరిగిన చెట్లని ఒకసారి చూసింది. అడగాల్సిన పని లేకుండానే ఆమెకి అంతా అర్థమైంది.

"నాచు తీసేశారు. కొత్తవాళ్ళు చేసే పనే. అమ్మినాయన చెప్పలేదా? ఇక్కడివాళ్ళు ముందు ఆ మాటే చెబుతారు. చెప్పి ఉండకపోతే మీరు ఫోన్‌లో చెప్పిన లెటర్‌కి బలం ఉంటుంది."

"ఒక్క ముక్క కూడా చెప్పలేదు" అంది సుధ. "మా నాన్నగారు కూడా అక్కడే ఉన్నారు."

ఇద్దరూ ఆయన వైపు చూశారు. హనుమయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఊళ్ళో పంచాయితీలో నిలబడ్డవాడిలా నిలబడ్డాడు.

"చెప్పాడు" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"తాళాలిచ్చిన రోజు చెప్పాడు. ఇదుగో, ఇక్కడే నిలబడి. నాచు జోలికి పోవద్దన్నాడు. నువ్వు లోపల ఉన్నావు. నాకే చెప్పాడు."

 సుధ ఇంజనీర్ వైపు తిరిగి, ఇప్పుడు ఏం చేయాలని అడిగింది. ఆవిడ చెప్పిందంతా ఫోన్‌లో టైప్ చేసుకుంది. ఇంటి చుట్టూ కూరగాయలు ఒక్కటి కూడా ఉండకూడదు. తోట కావాలంటే అవతల దక్షిణపు వాలులో, బర్చ్ చెట్లున్న చోట, అక్కడ కింద మంచుమట్టి ఉండదు. ఇక్కడ గీకినంత మేరా నాచు దొరికితే నాచు, దొరకనిచోట అడుగు మందాన చెక్కపేళ్ళు కప్పాలి. దిగిన మూలని జాకీలతో లేపి దుంగ కింద చెక్కలు పెట్టాలి. రెండు చలికాలాల్లో కింద మళ్ళీ గడ్డకడితే ఇల్లు నిలుస్తుంది. కట్టకపోతే ఇక్కడి నుంచి ఇల్లు లేపుకుపోవాల్సిందే.

కారు వెళ్ళిపోయాక సుధ అడిగింది. "ఎందుకు చెప్పలేదు?"

"ముప్పై రెండేళ్ళు మట్టిలో బతికినవాణ్ణి. ఒక వడ్రంగి నాకు మట్టి గురించి చెప్పేదేమిటి అనుకున్నాను."

"అది అప్పుడు. మొన్న ఎందుకు చెప్పలేదు? మంగళవారం, నేను లెటర్ చదివినప్పుడు?"

హనుమయ్య వంగి చెప్పుకి అంటిన బురద గీక్కోసాగాడు.

"ఉప్పు తక్కువైందన్నావు" అంది సుధ. లోపలికి వెళ్ళి లెటర్ నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వేసింది. తర్వాత కారు తాళాలు తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. "నాచు ఎక్కడ దొరుకుతుందో ఆయనకే తెలుస్తుంది. నువ్వే వెళ్ళి అడుగు. ఏం చేశావో నువ్వే చెప్పు."

హనుమయ్య పద్దెనిమిది మైళ్ళు డ్రైవ్ చేశాడు. వడ్రంగి ఏటి ఒడ్డున ఒక షెడ్డు ముందు పడవకి రంగు వేస్తున్నాడు. హనుమయ్య నేపర్‌విల్ సంగతులు, ఫోర్‌మన్ సంగతులు, ఫోటో సంగతి ఏవీ ఎత్తలేదు. బడితోట గ్లాసు కూడా ఎత్తలేదు. "మీరు వద్దన్నారు. నేను గీకేశాను" అన్నాడు.

ముసలాయన కుంచె డబ్బాలో పెట్టి, ఆయన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"ఎంత?"

"మొత్తం."

"ఇంటి కింద కూడా?"

"కింద కూడా."

"ఓరి దేవుడా!" అన్నాడు ముసలాయన. "నేనూ గీకాను, యాభై ఏళ్ళ కింద. నా మొదటి ఇల్లు అది. ఇప్పుడక్కడ బాతులు ఈదుతున్నాయి."

నవ్వుతాడేమోనని హనుమయ్య చూశాడు. నవ్వలేదు. పక్క గుట్ట మీద ఒకాయన దారి కోసం అడవి కొడుతున్నాడని, ఆ నాచు ఎలాగూ బుల్‌డోజర్ కింద పోయేదేనని చెప్పి, తనే ఫోన్ చేసిపెట్టాడు. వేళ్ళు తెగకుండా పలకలుగా ఎలా కోయాలో నేల మీద గీసి చూపించాడు. పన్నెండు మందికి పని నేర్పిన హనుమయ్య పక్కన గొంతుక్కూర్చుని విన్నాడు.

ఫెయిర్ ఇంకా తొమ్మిది రోజులుంది. ఈ ఏటి క్యాబేజీ నలభై పౌండ్లు దాటేది. హనుమయ్య వాటన్నిటినీ పీకి కావ్యశ్రీ కారులో వేశాడు. "హాస్టల్ మొత్తం నెల దినాలు ఇదే తినాలె" అని ఆ పిల్ల గోలపెట్టింది. నాచు పలకలు ముప్పై ఒక్క ట్రక్కులు. ఎనభై శాతం నేలకి సరిపోయాయి, మిగతా చోట చెక్కపేళ్ళు. సెప్టెంబరు మధ్యకి బర్చ్ ఆకులు పసుపెక్కి రాలేవేళకి పని అయింది. ఇంజనీర్ జాకీలు పెట్టి మూల లేపింది. సుధ తండ్రితో అన్నం గురించీ మందుల గురించీ మాట్లాడుతోంది. అంతకు మించి లేదు.

తర్వాత చలి. అసలు చలి. ఊరంతా మంచు ఎక్కువ పడితే ఇళ్ళు వెచ్చగా ఉంటాయని సంబరపడుతుంటే, హనుమయ్య ఒక్కడు మంచుని తిట్టుకున్నాడు. మంచు కూడా దుప్పటే. అది పడి ఉంటే చలి నేలలోకి దిగదు. అందుకని పడ్డ మంచు పడ్డట్టు ఇంటి చుట్టూ తోడేయాలి. దారి మీద కాదు, వాకిట్లో. వీధిన పోయే వాళ్ళు కార్లు ఆపి చూశారు. తన దారి వదిలేసి, ఎవరూ నడవని చోట మంచు ఎత్తిపోస్తున్న ఆ ముసలాయనకి మతి చలించిందేమో అనుకున్నారు.

డిసెంబరు ఆఖరి వారం. మధ్యాహ్నం రెండు. సూర్యుడు చెట్ల కొసల మీద కాసేపు కూర్చుని దిగిపోతున్నాడు. మైనస్ ముప్పై నాలుగు. హనుమయ్య రెప్పల మీద తెల్లగా పేరుకుంది. ప్లాస్టిక్ పారతో ఒక్కో మంచు పలక ఎత్తి అవతల వేస్తున్నాడు. కింద నాలుగు వేళ్ళ మందం మంచు వదిలేస్తున్నాడు, పార నాచుకి తగలకుండా.

సుధ తలుపు తీసి అరిచింది. "నాన్నా! లోపలికి రా! వేళ్ళు ఊడిపోతాయి!"

"ఇంకో మూల ఉందమ్మా."

"రేపు చేద్దువు."

"రేపు మబ్బు పడుతుందట. చలి తగ్గుతుంది."

తలుపు మూసుకుంది. కాసేపటికి సుధ కోటు, బూట్లు, రెండు జతల గ్లౌజులతో బయటికి వచ్చి, గోడకి ఆనించిన ఇంకో పార తీసుకుంది. తండ్రి వైపు చూడకుండా ఆ చివర మూల నుంచి మొదలుపెట్టింది. డ్యూటీ నుంచి తెచ్చుకున్న చిరాకంతా చేతుల్లో ఉంది, పార గబగబా దించుతోంది. హనుమయ్య రెండు నిమిషాలు ఓపిక పట్టాడు. ఇక ఆగలేకపోయాడు.

"మెల్లగా! అంత లోతు దించకు సుధా, కింద నాచు..."

సుధ నడుం నిలబెట్టి, ముసుగులోంచి ఆవిరి కక్కుతూ ఆయన్ని చూసింది.

"నాచు గురించి నువ్వు నాకు చెప్పకు నాన్నా!"

హనుమయ్య తన వైపు తిరిగి మంచు ఎత్తసాగాడు. కొంచెంసేపటికి ఓరకంట చూస్తే ఆమె పార మెల్లగానే దిగుతోంది.